పది గంటలకు ఒడ్డెక్కాను

ప్రోతరాపూర్, పోర్ట్ బ్లెయిర్
జూన్ 9

అప్పా,

నేను బతికే ఉన్నాను. ముందు ఆ మాట చెప్పేశాను కాబట్టి ఇప్పుడు ఏడుపు ఆపి, కుదురుగా కూర్చుని మిగతాది చదువు.

శనివారం నుంచి నా ఫోను పోయింది. పోయిందంటే సముద్రంలో పడలేదు, ఎవరూ ఎత్తుకెళ్ళలేదు. చేతిలోనే పోయింది. కొన్నాళ్ళుగా దాని వెనక అట్ట పూరీలా పొంగుతోంది. వల నూలుతో రెండు చుట్లు కట్టి వాడుకుంటున్నాను. ఛార్జింగు ఎక్కాలంటే తీగ మీద ఒక రాయి బరువు పెట్టాలి. శనివారం పొద్దున నీతో 'ఒడ్డెక్కాను' అని చెప్పి పెట్టేశానా, అదే దాని ఆఖరి మాట. తెర మీద తెల్ల గీత ఒకటి వచ్చింది, తర్వాత మొత్తం నల్లబడింది.

నీ నంబరు నాకు నోటికి రాదప్పా. రాయడానికే సిగ్గుగా ఉంది. ఏడేళ్ళుగా 'అప్ప' అని ఉన్నచోట వేలు పెట్టడమే తెలుసు. నీ ఇంటి చిరునామా మాత్రం చిట్టితల్లి ట్రంకు పెట్టెలో పాత కవరు మీద దొరికింది. మా ఆవిడ పోయి నాలుగేళ్ళయినా నా పనులు ఇంకా తనే చూసుకుంటోంది.

అబర్డీన్ బజారులో రాజ్‌కిరణ్ అని ఫోన్లు బాగుచేసే అతను ఉన్నాడు. దాన్ని తిరగేసి, బోర్లేసి, మూత తీసి, "అరే చాచా, ఉప్పు గాలికి లోపలంతా తుప్పే. ఇస్‌కో ఛోడో, నయా లే లో" అన్నాడు. కొత్తది కొనే మాటే లేదన్నాను. అయితే బ్యాటరీ, లోపలి ముక్క ఒకటి చెన్నై నుంచి ఓడ మీద రావాలట. ఎప్పుడొస్తాయంటే ఆకాశం వైపు చూశాడు. వానాకాలంలో ఓడల సంగతి నీకు చెప్పాలా, ఇక్కడే పుట్టినదానివి.

ఇప్పుడు అసలు సంగతి. నాన్న వేటకి వెళితే, ఒడ్డెక్కాడన్న కబురు వచ్చేదాకా అమ్మ ముద్ద ముట్టేది కాదు. తర్వాత చిట్టితల్లి అలాగే కూర్చుంది. తను పోయాక, "నీకోసం తినకుండా ఎదురుచూసే మనిషి ఒకలుండాలిరా, లేకపోతే సముద్రానికి లోకువైపోతావు" అని, అంత దూరాన కూర్చుని ఆ పద్ధతి నువ్వెత్తుకున్నావు. పిల్లాజెల్లా లేనివాడికి అది ఎంతో నీకు తెలియదు. కానీ డెబ్బై దాటినదానివి, షుగరున్నదానివి. పదింటికి నా ఫోను మోగితే గాని కంచం ముందుకు లాక్కోవు. అందుకే ఈ ఉత్తరం. నా ఫోను బాగయ్యేదాకా రోజూ పది గంటలకు నేను ఒడ్డెక్కినట్టే అనుకుని తినెయ్యి. నా మీద ఒట్టు.

నీ తమ్ముడు
గవరయ్య

చిరునామాలో పోర్ట్ బ్లెయిర్ అనే రాయి. ఊరి పేరు మార్చారు గాని మా పోస్టుమేన్‌కి రెండూ తెలుసు.


కళింగపట్నం
జూన్ 19

ఒరే గవిరీ,

నీ ఉత్తరం నిన్న వచ్చింది. పోస్టుమేన్ జోగులు గుమ్మంలో నిలబడి "మామ్మా, అండమాన్నుంచి" అనగానే, కవరు చించకుండా ముందు అది నీ దస్తూరీయేనా అని చూసుకున్నాను. ఈ రోజుల్లో ఉత్తరం వచ్చిందంటే లోపల మంచి కబురు ఉంటుందని ఎవరనుకుంటారు? మొదటి ముక్క చదివాక ముందు గంగమ్మ తల్లికి దండం పెట్టుకున్నాను. తర్వాత నిన్ను తిట్టుకున్నాను. ఏం తిట్టానో రాయను, అప్పటికి జోగులు ఇంకా గుమ్మంలోనే ఉన్నాడు, అతను విన్నాడు చాలు.

పదకొండు రోజులురా. పదకొండు రోజులు నీ నంబరు కొట్టిస్తూనే ఉన్నాను. లోపల ఎవరో అమ్మాయి తెలుగులో ఒకసారి, హిందీలో ఒకసారి నువ్వు లేవని చెబుతుంది. ఏమీ జరగనట్టు ఎంత చక్కగా చెబుతుందో. మా లహరి "ఫోను పాడైపోయుంటాది మామ్మా, ఇంకేటవుద్ది" అంది. నా మనవరాలికి ఫోను పోవడమంటే ఫోను పోవడమే. సముద్రం మీద మనుషుల్ని పోగొట్టుకున్న ఇళ్ళలో పుట్టినవాళ్ళం, మనకి అలా కాదు కదా.

నంబరు కింద లహరి చేత పెద్ద అంకెలు వేయించాను. గోడ మీద రాసుకో.

ఇంకో మాట. బాగుచేయించడం ఎందుకురా, కొత్తది కొనుక్కో. బొమ్మ కనపడేది. లహరి ఫోనులో దాని స్నేహితురాలు పెళ్ళి విందులో ఏం వడ్డించుకుందో కూడా కనపడుతుంది. నీ ఫోను ఏనాడూ బొమ్మ చూపించలేదు, మాట కూడా హోరులోంచే వచ్చేది. నాకు మన జెట్టీ చూడాలని ఉంది. పెళ్ళయి ఓడెక్కి ఇటొచ్చేసి యాభై ఏళ్ళు దాటింది. పదింటికి నువ్వు డింగీ దిగుతుంటే ఒక్కసారి చూపించు. చచ్చేలోపు ఒక్కసారి అడుగుతున్నాను, ఇంకేమీ అడగను.

ఇక్కడ అందరూ కులాసా. కొడుకు రొయ్యల చెరువుల పని మీద తిరుగుతాడు, కోడలికి కుట్టు పని. ఎవరి వేళకి వాళ్ళు తింటారు.

నువ్వు తిన్నావా?

అప్ప
నూకరత్నం


ప్రోతరాపూర్
జూలై 2

అప్పా,

నీ ఉత్తరం నాలుగుసార్లు చదివాను. తిట్టానని రాసిన చోటు ఆరుసార్లు చదివాను. ఈ గదిలో నన్ను తిట్టే మనిషి లేక చాలా రోజులైంది.

కొత్త ఫోను వద్దప్పా. ముసలోడికి దసరా పండగ అని నవ్వుతారు. నా వేళ్ళు లావు, ఒకటి నొక్కితే మూడు తెరుచుకుంటాయి. పాతదానికి నా చెయ్యి తెలుసు. మొన్న మళ్ళీ రాజ్‌కిరణ్ దగ్గరికి వెళ్ళాను. ముక్క ఇంకా రాలేదు గాని, "చాచా, మైక్ భీ ఖరాబ్ హై. మీరు మాట్లాడితే అవతలోళ్ళకి హోరే వినపడుతుంది. అదీ మార్చేస్తా" అన్నాడు. మైకు ముట్టుకోవద్దు, దాన్ని అలాగే ఉంచమన్నాను. పిచ్చివాణ్ణి చూసినట్టు చూశాడు. పని చేస్తున్నదాన్ని కెలకడం ఎందుకు, నువ్వే చెప్పు.

నంబరు గోడ మీద రాసుకున్నాను. పక్క వాటాలో భాను అని నర్సు ఉంటుంది. మన పేట పిల్లే, ఇక్కడే పుట్టింది. "అంకుల్, మేరా ఫోన్ లే లో నా, రోజూ చేసుకోండి" అంది. మంచి పిల్ల. నేనే వద్దన్నాను. పరాయివాళ్ళ చెప్పుల్లో కాళ్ళు పెట్టినట్టు ఉంటుంది.

జెట్టీ చూపించమన్నావు. ఏముందప్పా చూడటానికి. నువ్వు వెళ్ళేనాటికి ఉన్నదేదీ ఇప్పుడు లేదు. వానాకాలం వెళ్ళనీ, అప్పుడు చూద్దాం.

ఒక చెడ్డ కబురు. అప్పలరాముడి తల్లి కాళమ్మ పోయింది. నీతోపాటు ఎండుచేపలు ఆరబెట్టిన కాళమ్మే. మొన్న ఆదివారం మధ్యాహ్నం పేటలోంచి శవం లేచింది. జనం బాగా వచ్చారు, వాన కూడా కాసేపు ఆగింది. నేను పొద్దున వేటకి వెళ్ళి, ఎప్పట్లాగే పదింటికి ఒడ్డెక్కి, అటునుంచి అటే వెళ్ళి పాడె పట్టాను. వెంటనే నీకు చెప్పాలనిపించింది. జేబులో చెయ్యి పెట్టి, ఏమీ లేక ఊరికే తీశాను. నీకు చెప్పనిదే నాకు ఏదీ జరిగినట్టు ఉండదు.

తింటున్నావు కదా? ఒట్టు పెట్టాను, గుర్తుంచుకో.

గవరయ్య


కళింగపట్నం
జూలై 14

గవిరీ,

కాళమ్మ పోయిందా. వాన చినుకు పడితే తను తడిసిపోయినా సరే, చాప ఎత్తి చేపల మీద కప్పేది. నా పెళ్ళికి జడ వేసింది కూడా తనే. నీ ఉత్తరం చదివిన రోజంతా నేను ఎవరితోనూ మాట్లాడలేదు. మాట్లాడలేదని ఇంట్లో ఎవరికీ తెలియలేదు.

నిన్ను ఒక్కటే అడుగుతాను. కోప్పడటం లేదు.

పేటలో శవం ఉన్న రోజు ఏ పడవా కదలదు. ఇక్కడా కదలదు, అక్కడా కదలదు. నాన్న పోయిన రోజు మన పడవలన్నీ ఒడ్డున బోర్లించి ఉండటం నీకు గుర్తులేదా? ఆ రోజు పడవ దింపినవాణ్ణి పాడె దగ్గరికి కూడా రానివ్వరు. మరి ఆ ఆదివారం నువ్వు ఏ పడవ మీద వెళ్ళావురా? ఎక్కడినుంచి ఒడ్డెక్కావు?

ఫోనులో అని ఉంటే విననట్టు ఊరుకునేదాన్ని. కాగితం మీద మాట ఎన్నిసార్లు చదివినా అలాగే ఉంది.

అప్ప


గరాచర్మ
జూలై 27

అప్పా,

పైన ఊరి పేరు చూశావు కదా. పొరపాటున రాయలేదు. ఇక్కడ ఒక స్కూలు గేటు పక్కన కుర్చీలో కూర్చుని రాస్తున్నాను. ఇది నా కుర్చీ. ఏడాదిన్నరగా నేను ఇక్కడ వాచ్‌మన్‌ని.

డింగీ లేదు. కిందటేడు జనవరిలో నడిసముద్రంలో ఇంజను ఆగింది. తాడు లాగి స్టార్టు చెయ్యబోతే కుడిచెయ్యి నాది కానట్టు వణికింది. పట్టు దొరకలేదు. పగలంతా కొట్టుకుపోయాను. చివరికి అప్పలరాముడు చూసి, తాడు వేసి లాక్కొచ్చాడు. ఒడ్డున నన్ను పెళ్ళికూతుర్ని దింపినట్టు రెండు చేతులూ పట్టుకుని దింపారు. ఎవరూ నవ్వలేదు. నవ్వి ఉంటే బాగుండేది. నలభై ఐదేళ్ళ వేట అక్కడితో అయిపోయింది. డింగీ అతనికే అమ్మేశాను. ఒడ్డున ఉంటే అది రోజూ కళ్ళబడుతుందని, బస్సెక్కితే గాని సముద్రం కనపడని ప్రోతరాపూర్‌లో గది చూసుకున్నాను. నీతో మాత్రం అక్కడ గాలి బాగుంటుందని చెప్పాను.

ఆ రోజు సాయంత్రం ఫోను చేసి 'లేటయింది' అన్నాను, గుర్తుందా? నువ్వు అప్పటిదాకా ఏమీ తినలేదు. మర్నాడు పదింటికి నిజం చెబుదామనే చేశాను. నువ్వు ఎత్తగానే "ఒడ్డెక్కినావా?" అన్నావు. ఎక్కాను అన్నాను. "అయితే నాను తింతాను" అని నవ్వావు. అంతే. ఆ మర్నాడు కూడా అదే, ఆ తర్వాత రోజూ అదే.

ఎందుకు చెప్పలేదని అడుగుతావు. సముద్రం మీదికి వెళ్ళనివాడికి ఒడ్డెక్కాననే మాట ఎక్కడిదప్పా? ఆ మాట లేకపోతే నీకు రోజూ ఫోను చెయ్యడానికి నా దగ్గర ఏముంది? గేటు తీశాను, గేటు వేశాను, ఇదేనా? వాచ్‌మన్ కోసం ఎవరు తినకుండా కూర్చుంటారు?

అందుకే ఆ పాత ఫోను పట్టుకుని వేలాడాను. నువ్వొకసారి "గాలి ఎక్కువగున్నట్టుందిరా" అన్నావు. అది గాలి కాదు, పాడైపోయిన మైకు. అప్పటినుంచి ఆ హోరే నా సముద్రం. మంచి ఫోనులో ఈ గంట వినపడుతుంది, ఈ గేటు కనపడుతుంది. భాను ఫోను వద్దన్నది కూడా అందుకే. పిల్లి కళ్ళు మూసుకుని పాలు తాగినట్టు తాగాను.

ఫోను పోయాక పదింటికి ఏం చెయ్యాలో తెలియడం లేదు. ఇంటర్వెల్ అయిందని గంట కొడతారు, పిల్లలు లోపలికి పోతారు. ఆ తర్వాత సాయంత్రం దాకా నాతో మాట్లాడేవాళ్ళు ఉండరు. సాయంత్రం మాత్రం ఎవరున్నారు?

నన్ను తినేస్తున్నది ఒక్కటే. నా అబద్ధానికి నువ్వు షుగరుతో ఏడాదిన్నర పస్తున్నావు. ఇంక వద్దు. నా కోసం ఎవరూ ఆగక్కరలేదు. ముక్క వచ్చిందని రాజ్‌కిరణ్ కబురు పెట్టాడు. నేను వెళ్ళలేదు. బాగుచేయించనూ, కొత్తది కొననూ. ఫోను లేకపోతే అబద్ధం కూడా ఉండదు.

గవరయ్య


కళింగపట్నం
ఆగస్టు 8

గవిరీ,

తాడిని తన్నేవాడు ఒకడుంటే వాడి తలదన్నేవాడు ఇంకొకడు ఉంటాడట. నేను నీకు అప్పనిరా.

బిళ్ళ వేసుకున్న అరగంటలో తినకపోతే ప్రాణానికే ముప్పని షుగరు డాక్టరు కిందటేడు శ్రావణంలోనే చెప్పాడు. అంతకుముందు ఆగేదాన్ని. అప్పటినుంచి ఏడున్నరకే తినేస్తున్నాను. అంబలో, రెండు ఇడ్లీలో. పదింటికి నీ ఫోను మోగే వేళకి మూతి తుడుచుకుని, ఖాళీ కంచం ముందు పెట్టుకుని కూర్చునేదాన్ని. 'ఇదిగో ఇప్పుడే తింటున్నా' అనేదాన్ని. నీకు వినపడాలని గరిటెతో కంచం మీద చప్పుడు కూడా చేసేదాన్ని. లహరి చూసి, మామ్మకి మతి పోయిందనుకుంది.

నువ్వు వేటకి పోవడం లేదనీ తెలుసు. ఏ జెట్టీలో పదింటికి గంట కొడతారురా? నీ హోరు వెనకాల గంట, పిల్లల కేకలు. ఒకసారి ఎవరో "వాచ్‌మన్ భయ్యా, గేట్ ఖోలో" అని అరిచారు. నువ్వు గతుక్కుమని, 'ఐసు బండి వచ్చిందప్పా' అన్నావు. ఐసు బండివాడు నిన్ను వాచ్‌మన్ భయ్యా అని పిలుస్తాడా? నీకు అబద్ధమాడటం చిన్నప్పుడూ రాలేదు, ఇప్పుడూ రాలేదు. ఆ రోజు ఫోను పెట్టేశాక చాలాసేపు నవ్వాను. తర్వాత ఏడిచాను.

అడగలేదు. అడిగితే ఫోను ఆగిపోతుందని భయం. ఇల్లు నిండా మనుషులేరా. అందరూ మంచివాళ్ళే, ఒక్క మాట అనరు. కానీ తిన్నావా అని ఎవరూ అడగరు. గిన్నెలో అన్నం తగ్గితే నేను తిన్నట్టు. నా మాట కోసం, నా ముద్ద కోసం ఇంకో మనిషి ఎక్కడో నిలబడి ఉన్నాడని రోజుకొకసారి అనిపించేది నీ ఫోనుతోనే. అది అబద్ధపు ఫోనైతే నాకేం?

జెట్టీ చూపించమన్నది నువ్వే నిజం చెబుతావేమోనని. ఆ పరీక్ష పెట్టకుండా ఉండాల్సింది. నువ్వెంత భయపడ్డావో తర్వాతి ఉత్తరంలో కనపడింది. అది నా తప్పే.

ఇప్పుడు నీకు రాయనిది ఒకటి రాస్తాను. నీ ఫోను ఆగిన ఆ పదకొండు రోజులు నాకు నిజంగానే ముద్ద దిగలేదు. సముద్రం మీద లేడు, ఎక్కడో గేటు దగ్గర నీడపట్టున ఉన్నాడు, వాడికేం గండం అని నాకు నేను ఎంతో చెప్పుకున్నాను. నోట్లో పెడితే వెనక్కి వచ్చేది. గంజినీళ్ళతో బిళ్ళలు వేసుకుని, తొమ్మిదో రోజు వంటింట్లో పడిపోయాను. ఆస్పత్రిలో ఒక రోజు ఉంచారు. నీకు తెలిస్తే బాధపడతావని దాచాను.

వాచ్‌మన్ కోసం ఎవరు తినకుండా కూర్చుంటారని రాశావు. నేను కూర్చున్నాను.

ఇక ఫోను సంగతి. బొమ్మ కనపడేదే కొను. సముద్రం నాకక్కరలేదు, జెట్టీ అక్కరలేదు. పదింటికి కూడా వద్దు. నేను ఏడున్నరకి తింటాను కదా, నువ్వూ ఆ వేళకి నీ కంచం ముందు పెట్టుకుని చెయ్యి. దాంట్లో ఏముందో చూడాలి. లహరి ఆ వేళకి ఇంట్లోనే ఉంటుంది, పట్టుకుంటానంది. ఒంటిగాడివి, ఏం వండుకుంటున్నావో, అసలు వండుకుంటున్నావో లేదో.

అప్ప


ప్రోతరాపూర్
ఆగస్టు 20

అప్పా,

కొన్నాను.

రాజ్‌కిరణ్ పాతదానికి బ్యాటరీ వేసి, ముక్క మార్చి ఉంచాడు. పక్కన కొత్తది పెట్టి, "అబ్ బోలో చాచా, ఏది?" అన్నాడు. పాతదాంట్లో అతణ్ణి మాట్లాడమని, నేను కొత్తదాంట్లో విన్నాను. ఇన్నాళ్ళూ నువ్వు విన్నది నేను మొదటిసారి విన్నాను. సముద్రంలా ఏమీ లేదప్పా. పాడైపోయిన ఫోనులానే ఉంది. దాన్ని గాలి అన్నావు. ఆ మాట నమ్మి నేను ఏడాదిన్నర బతికాను.

పాతదాన్ని అక్కడే ఇచ్చేశాను. వల నూలు మాత్రం విప్పి జేబులో వేసుకున్నాను. దారమంటే దారమే గదా, పనికొస్తుంది.

కొత్తదాంట్లో నీ పేరు భాను ఎక్కించింది. అయినా నంబరు ఇప్పుడు నోటికి వచ్చు. గోడ వైపు చూడకుండా రెండుసార్లు చెప్పాను. భాను సరిచూసి "సహీ హై అంకుల్" అంది. దీంట్లో హోరు లేదు. చెవి దగ్గర పెట్టుకుంటే గది ఎంత ఖాళీగా ఉందో తెలుస్తోంది. దానికి అలవాటు పడాలి.

కంచాలు తీసి చూస్తే రెండూ సొట్టలే. నువ్వు చూస్తావని కొత్త కంచం ఒకటి కొన్నాను. కూర కూడా వండుతాను. నిజం చెప్పాలంటే నువ్వు అనుమానించిందే నిజం, చాలా నెలలుగా పొద్దున పూట టీ, రెండు బిస్కెట్లే.

ఈ ఉత్తరం చేరేసరికి నా మొహం నువ్వు ఎన్నోసార్లు చూసి ఉంటావు. అయినా రాస్తున్నాను, ఇది మొహం చూస్తూ చెప్పలేను. నువ్వు వంటింట్లో పడిపోయిన రోజు నేను ఆ గేటు పక్క కుర్చీలో కూర్చుని, నా కోసం ఎవరూ లేరనుకుంటున్నాను. ఆ రోజు నీకు నేను లేను. ఇంకెప్పుడూ అలా జరగనివ్వను.

రేపు ఏడున్నరకి చేస్తాను. మన ఇంటి పద్ధతి మనదే, కానీ ఇప్పటినుంచి వంతు నాది. నువ్వు బిళ్ళ వేసుకుని, కంచంతో తెర మీదికి వచ్చి కూర్చునేదాకా నేను ముద్ద ముట్టను. గరిటె చప్పుళ్ళు కుదరవు, కంచంలో ఏముందో కనపడుతుంది.

రోజూ మొదటి రింగుకే ఎత్తు అప్పా. స్కూలు గేటు ఎనిమిదింటికల్లా తియ్యాలి, ఆకలితో కూర్చోలేను.

గవరయ్య